తేనెటీగలు ఒప్పుకోని బొమ్మలు

వింకో మెద్వెద్‌కు ఈ లోకంలో కావలసింది ఒక్కటే. తను వేసేది బొమ్మేనని, బొమ్మల సంగతి తెలిసిన మనిషి ఎవరైనా ఒక్కసారి ఒప్పుకోవాలి. అది తప్ప దేవుడు అతనికి అన్నీ ఇచ్చాడు. రాదోవ్లిత్స పక్కన సొంత ఇల్లు ఇచ్చాడు, పెరట్లో తేనెటీగల్ని ఇచ్చాడు, ఇంట్లో పెళ్ళాం ష్టెఫ్కాను ఇచ్చాడు. ఈ చివరి రెంటిలో ఏది గట్టిగా కుడుతుందో అతను ఏనాడూ పైకి చెప్పలేదు.

మెద్వెద్ అంటే మా భాషలో ఎలుగుబంటి. ఎలుగుబంటి చేతికి తేనెపెట్టెలు ఇచ్చారేమిటని ఊరంతా నవ్వి నవ్వి, చివరికి అలసిపోయి మానేసింది. అతని ఉద్యోగం రోడ్ల శాఖలో. తారు మీద తెల్లగీతలు గీయడం పని.

"దేశంలోకెల్లా పొడుగైన బొమ్మ మా బావదే. క్రాన్ నుంచి యెసెనిత్సె దాకా ఉంటుంది. అంత దూరంలో ఆయనకు తుమ్ము ఎక్కడొచ్చిందో కూడా చూపిస్తా రండి" అంటాడు ష్టెఫ్కా తమ్ముడు లోయ్జె. అతనిది పక్క ఇల్లే.

ఆ చేత్తోనే వింకో సెలవు రోజుల్లో తేనెపెట్టెలకు పలకలు వేసేవాడు. మా వైపు తేనెపెట్టెల్ని ఓ చెక్కపాకలో బీరువా సొరుగుల్లా వరసగా పేరుస్తారు. ఒక్కో పెట్టె ముందువైపు ఒక్కో పలక, దాని మీద రంగురంగుల బొమ్మ. అన్ని ఇళ్ళూ ఒకేలా ఉంటే ఈగకు తన గుమ్మం ఏదో ఎలా తెలుస్తుంది? అందుకని తాతలు పెట్టిన పద్ధతి. వింకో పలకల మీద పిల్లి కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదివేది. ఎలుగు స్కూటరు తోలేది. అత్తగారు రైలెక్కుతుంటే అల్లుడు టోపీ ఎగరేసేవాడు. ఇంకోదాని మీద దయ్యం ఒకటి సానరాయి తిప్పుతూ ఓ ఇల్లాలి నాలుకకు పదును పెట్టేది. ఆ ఇల్లాలిది అచ్చం ష్టెఫ్కా ముక్కే అని ఊరంతా అనేది. కాదు, అది సంప్రదాయం అని వింకో వాదన.

ఇంతవరకూ బాగానే ఉంది. చిక్కంతా ఫోన్లు వచ్చాక మొదలైంది.

బొమ్మలు వేసేవాళ్ళకు ఫోనులో రెండు చోట్లున్నాయి. ఒకదాని పేరు 'జల్లెడ'. అందులో ఎవరు పడితే వాళ్ళు బొమ్మ పెట్టడానికి వీల్లేదు. పంపుకోవాలి. రాజధాని లుబ్లియానాలో పెద్దమనుషులు కొందరు కూర్చుని చూస్తారు, పెదవి విరుస్తారు, నూటికి ఒకటి ఉంచుకుంటారు. రెండోది 'వాకిలి'. అది రాత్రీ పగలూ బార్లా తెరిచే ఉంటుంది. నిన్న అల్లిన మేజోడు, మొన్న మాడిన కేకు, మనవడు గోడ మీద గీసిన గుర్రం, ఏదైనా పెట్టవచ్చు. అన్నిటికీ ఒకటే మర్యాద, ఒక హృదయం గుర్తూ ఒక ఆహా. ష్టెఫ్కా రోజూ పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి వాకిట్లోకి వెళ్ళేది. కాఫీ పొంగి పొయ్యిలోకి వెళ్ళేది.

వింకో మనసు మాత్రం జల్లెడ మీదే. పంపినప్పుడల్లా ఒకటే జవాబు వచ్చేది, స్వీకరించలేకపోతున్నాం అని. కారణం చెప్పే అలవాటు జల్లెడకు లేదు.

"మళ్ళీ తిరగ్గొట్టారా?" అంది ష్టెఫ్కా ఓ పొద్దున అతని మొహం చూసి.

"నీకు తెలీదులే. అక్కడ ప్రమాణాలుంటాయి. మీ వాకిట్లోలా మాడిన కేకుకు చప్పట్లు కొట్టరు."

"ఆ కేకు మాడలేదు. కాస్త ఎర్రగా వేగింది."

"బొగ్గు కూడా కాస్త ఎర్రగా వేగిందే."

"సరేనయ్యా, ఒక్క మాట అడుగుతా చెప్పు. జల్లెడ పడితే పిండి ఎటు పోతుంది?"

"కిందికి."

"పైన మిగిలేది?"

"పొట్టు."

"మరి ఆ పొట్టులో కలవడానికి నీకెందుకయ్యా ఇంత ఏడుపు?"

వింకో పెరట్లోకి నడిచాడు. జవాబు దొరకనప్పుడల్లా అతను ఈగల దగ్గరికి వెళ్ళి నిలబడేవాడు. కాబట్టి ఆ ఊళ్ళో అంత శ్రద్ధగా చూసుకునే తేనెటీగలు మరెవరికీ లేవు.

అక్కడ నిలబడే అతను ఎత్తు వేశాడు. వీళ్ళు ఉంచుకునేవి ఎలాంటివో చూద్దామని జల్లెడలోని బొమ్మలన్నీ ముందేసుకున్నాడు. ఒక బూడిదరంగు పలక. పక్కన ఇంకాస్త బూడిదరంగు పలక. దాని పేరు 'అమ్మ'. ఇంకోటి అంతా బూడిద, మధ్యలో ఒక్క గీత. దాని కింద పెద్దలు రాసిన పొగడ్త చదివేలోపు వింకోకు ఒక కునుకు కూడా పట్టింది. అయితేనేం, సంగతి అర్థమైంది. బూడిదరంగు, గీత. గీత అతనికి అన్నం పెట్టే విద్య. ఇక బూడిద అంటారా, మన వైపు తేనెటీగదే బూడిదరంగు. ఇంతకంటే సంప్రదాయం ఏముంటుంది?

ష్టెఫ్కా కంటపడకుండా గరాజులో కూర్చుని అన్ని పెట్టెలకూ సరిపడా పలకలు బూడిద పూసి, ఒక్కో గీత లాగి, ఫొటోలు పంపాడు. ఈసారి జల్లెడ నుంచి వేరే జవాబు వచ్చింది. ఆసక్తిగా ఉన్నాయి, అయితే తేనెపలక పెట్టె మీద వాడుకలో ఉంటేనే దానికి ప్రాణం, శనివారం పదింటికి మా జిగా గారు వచ్చి చూస్తారు అని. వింకో ఆ జవాబును ఫోనులో ఎంత తడిమాడంటే, అద్దం మీద మరక పడింది.

ఇక మిగిలింది ష్టెఫ్కాను ఊరు దాటించడం.

"క్రాన్‌లో మీ అక్కను చూసి రారాదుటే, పాపం" అన్నాడు గురువారం సూప్ తాగుతూ.

"ఎందుకూ?"

"మోకాలి నొప్పి కదా ఆవిడకి."

"మా అక్క మోకాలు నీకు ఇన్నాళ్ళకు గుర్తొచ్చిందా? ఏ మోకాలు?"

"ఎడమది."

"కుడిది."

"ఎదురుగా నిలబడి చూస్తే ఎడమేగా!"

ష్టెఫ్కా అతన్ని పాలు తాగిన పిల్లిని చూసినట్టు చూసింది. కానీ అక్క మీద బెంగ నిజంగానే ఉంది కాబట్టి, వాల్‌నట్లు కూరి చుట్టిన పొతిత్స కేకు ఒకటి గుడ్డలో కట్టుకుని శుక్రవారం బస్సెక్కింది.

బస్సు మలుపు తిరిగిందో లేదో వింకో చేతిలోకి స్క్రూడ్రైవరు వచ్చింది. ఈగలు గూళ్ళకు చేరి సద్దుమణిగాక, పిల్లినీ ఎలుగునీ అత్తగారినీ దయ్యాన్నీ ఒక్కొక్కటే ఊడదీసి తోపుడుబండిలో పడేశాడు. వాటి చోట కొత్త పలకలు బిగించాడు. నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. పై నుంచి కింది దాకా ఒకటే బూడిద, ఒకటే గీత. గుండె నిండిపోయింది. అది లిండెన్ చెట్లు విరగబూసే వారమని, ఏడాదంతటిలోకీ ఈగలకు అదే కోతల కాలమని అతనికి తెలియక కాదు. ఆశ ముందు తెలివి ఎప్పుడూ కాస్త ఆలస్యంగానే వస్తుంది.

శనివారం జిగా గారు చెప్పిన వేళకే వచ్చాడు. సన్నటి మనిషి. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నల్ల బూట్లు, జూన్ నెలలో మెడకు నల్ల ఉన్ని గుడ్డ. తేనెటీగలకు నల్లటి ఉన్ని కనబడితే ఎలుగుబంటి వచ్చిందనే అనుకుంటాయి. ఇంటి ఎలుగును అవి ఎలాగో సహిస్తున్నాయి. ఇంకొకటా?

జిగా గారు కళ్ళు సగం మూసి పలకల ముందు నిలబడ్డాడు.

"అద్భుతం" అన్నాడు. "ఈ నిశ్శబ్దం ఉంది చూశారూ..."

"ఏంటండీ? గట్టిగా చెప్పండి, ఈ రొదలో వినబడట్లేదు."

"నిశ్శబ్దం అంటున్నాను!"

రొద నిజంగానే పెరుగుతోంది. పొద్దున్నే పూత మీదికి పోయిన ఈగలు కాళ్ళ నిండా పుప్పొడితో తిరిగి వస్తున్నాయి. వచ్చి చూస్తే పిల్లి లేదు, రైలు లేదు. బూడిద, బూడిద, మళ్ళీ బూడిద. దొరికిన గుమ్మంలో దూరబోతే ఆ ఇంటి కాపలా ఈగలు ఎవర్రా నువ్వంటూ మెడపట్టి గెంటుతున్నాయి. గెంటించుకున్నవి పక్క గుమ్మానికి, అక్కడివి మరో గుమ్మానికి. కాసేపటికి ప్రతి గుమ్మం ముందూ ఒక కుస్తీ, పాక మీద బూడిదరంగు మబ్బు. తేనెతుట్టె కదిపినట్టు అంటారు కదా, ఆ మాట పుట్టింది ఇలాంటి పొద్దునే అయ్యుంటుంది.

"బావా!" కంచె అవతల నుంచి లోయ్జె కేక పెట్టాడు. "నీ చుట్టాలంతా మా చెర్రీ చెట్టెక్కారు! కొందరు నా బీరు తాగుతున్నారు! ఏం చేశావు బావా?"

"ఏం లేదురా, కళ!"

"ఏంటీ, కలా?"

"కళరా, కళ!"

"ఏదైనా సరే, దాన్ని కాస్త ఆపు!"

ఆ నిమిషంలోనే ఈగ ఒకటి జిగా గారి కనురెప్ప మీద తన అభిప్రాయం చెప్పింది. మరొకటి పెదవి మీద చెప్పింది. ఆయన నల్లగుడ్డ విసురుతూ పెరడంతా తిరిగాడు, విసిరిన కొద్దీ అభిప్రాయాలు ఎక్కువయ్యాయి. వింకో ఆయన్ని వంటింట్లోకి తోసి, ఉల్లిపాయ కోసి చేతిలో పెట్టి, కంటికి అద్దుకోమన్నాడు. కుట్టని కంట్లో కూడా నీళ్ళు కారడం మొదలైంది.

లోయ్జె ఈలోగా మంచి తమ్ముడు చేసే పని చేశాడు. అక్కకు ఫోను కొట్టాడు. ష్టెఫ్కా తన అక్క మోకాలిని అక్కడే వదిలి, దొరికిన కారెక్కి వచ్చేసింది. గేటు దగ్గర ఆగి, పాకను చూసింది. ఆ తర్వాత మొగుణ్ణి చూసింది.

"ఏం చేశావయ్యా వీళ్ళని?"

వింకో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మనింట్లో ఆవు చస్తుంది, పిల్లి చస్తుంది. ఈగను మాత్రం చచ్చింది అనకూడదు, అది మనిషిలాగే కన్నుమూస్తుంది అనేవాడు కదా మీ నాన్న? చూడు, గుమ్మాల్లో ఎంతమంది కన్నుమూశారో!"

వింకో చూశాడు. ప్రతి పలక కింద గుప్పెడేసి ఈగలు, కాళ్ళకు పసుప్పచ్చ పుప్పొడితో, కదలకుండా పడి ఉన్నాయి. పని ముగించుకుని ఇల్లు చేరినవి, గుమ్మం దొరక్క పోయాయి. జల్లెడ, కళ, పెద్దమనుషులు అన్నీ ఒక్కసారిగా గాలికి పోయాయి. సిగ్గొకటే మిగిలింది.

"పాతవి పెట్టేస్తానే" అన్నాడు. తోపుడుబండి దగ్గరికి పరిగెత్తాడు. పిల్లిని చేతిలోకి తీసుకుని పాక ముందుకు వచ్చి, అలాగే నిలబడిపోయాడు.

"పెట్టవేం?"

"ఇది... పై వరసనుకుంటా."

"అనుకుంటావా? రోజూ చూసే పలక ఎక్కడిదో తెలీదా?"

"రోజూ చూసేదాన్ని ఎవరైనా గుర్తు పెట్టుకుంటారుటే? నీ పుట్టుమచ్చ ఏ బుగ్గ మీదుందో చెప్పమంటే చెప్పగలనా నేను?"

"అది తర్వాత మాట్లాడుకుందాం" అంది ష్టెఫ్కా, ఆ మాటకు ముందుముందు ఎంత శిక్ష పడుతుందో అంచనా వేస్తూ. తప్పు గుమ్మానికి తప్పు పలక బిగిస్తే ఉన్న గొడవ రెట్టింపు అవుతుంది. ఆమె మెట్టు మీద కూర్చుని ఫోను తీసింది.

"ఇప్పుడు ఫోనేమిటే!"

"నోరు మూసుకుని స్క్రూడ్రైవరు పట్టుకో."

వాకిట్లో ఆమె రాసింది ఇది: "అక్కల్లారా, అన్నల్లారా, మా ఈగలు ఇల్లు తప్పాయి. వింకో బొమ్మలు ఏది ఎక్కడుండేదో మీకెవరికైనా గుర్తుందా?"

ఫోను టింగుమంది. మళ్ళీ టింగుమంది. తర్వాత ఆగకుండా మోగింది.

"స్కూటరు ఎలుగు అడుగు వరసలో ఎడమ చివర" అంది ష్టెఫ్కా చదువుతూ. "మారిబోర్ నుంచి ఒకావిడ చెప్తోంది. వాళ్ళ పాప రోజూ దానికి శుభరాత్రి చెప్పిగానీ పడుకోదట. పెట్టు!"

వింకో పెట్టాడు.

"అత్తగారి రైలుకు కుడిపక్క పిల్లి. రైలు ఫొటో అంచున దాని తోక పడిందట. పెట్టు! ఆ పిల్లికి అవతలి పక్కన దయ్యం, దయ్యం చెవి నా కళ్ళారా చూశాను అంటున్నాడు పిరాన్ రేవు పడవాయన. పెట్టవయ్యా, గుడ్లప్పగించి చూస్తావేం?"

"వీళ్ళకు నా బొమ్మలు ఎలా తెలుసే?"

"నేను పెట్టాను కాబట్టి."

"ఎప్పుడు?"

"నువ్వు వేసినప్పుడల్లా."

"నా పేరు మీదా?"

"కాక, మీ అత్తగారి పేరు మీద పెడతానా?"

వింకో చేతిలో దయ్యం ఉంది, దయ్యం చేతిలో ఇల్లాలి నాలుక ఉంది. అతనికి ఏ నాలుకా లేదు. ఇంతలో ఎక్కడెక్కడి మనుషులో, అతను మొహం ఎరగనివాళ్ళు, తోకలూ చెవులూ పట్టుకుని వాదించుకుంటూ పలకల్ని ఇళ్ళకు చేరుస్తున్నారు. ఒకరు తప్పు చెబితే పదిమంది మీదపడి దిద్దుతున్నారు.

వంటింటి గుమ్మంలోంచి జిగా గారు ఉల్లిపాయతో బయటికి వచ్చాడు. పెదవి వాచి మాట ముద్దగా వస్తోంది.

"ఇవన్నీ వాకిట్లో పెట్టినవా? మరి అందుకేనండీ మేము తీసుకోలేకపోయింది. ఇంకోచోట చూపించినవి జల్లెడ ముట్టుకోదు. నియమం."

వింకో మెల్లగా పెళ్ళాం వైపు తిరిగాడు. "అంటే ఇన్నేళ్ళూ నా కొంప ముంచింది నువ్వా?"

"నేనే" అంది ష్టెఫ్కా, తల దించకుండా. "బాగున్నాయని పెట్టాను. నా మొగుడు వేసిన బొమ్మ చూసి నేను ఒక్కదాన్నే నవ్వుకుంటే సరిపోలేదు నాకు. బాగున్నదాన్ని దాచుకోవాలని ఎవరూ నాకు చెప్పలేదు మరి."

ఇలాంటి మాటకు కోపం తెచ్చుకోవడం ఎలాగో వింకోకు తెలియదు. కాసేపు ప్రయత్నించి మానేశాడు.

చివరి పలక ఎక్కింది. ఈగలు మొదట అనుమానంగా చక్కర్లు కొట్టాయి. ఆ తర్వాత పిల్లి ఇంటివి పిల్లి దగ్గరికి, రైలు ఇంటివి రైలు దగ్గరికి వరస కట్టాయి. చెర్రీ చెట్టు మీదివి కూడా దిగి వచ్చాయి. లోయ్జె బీరులో పడినవి మాత్రం కాస్త ఆలస్యంగా, వంకరగా వచ్చాయి. రొద తగ్గి, మామూలు రాగంలో పడింది.

అప్పుడు జిగా గారు గొంతు సవరించుకున్నాడు.

"మెద్వెద్ గారూ, బూడిద పలకలు అసాధారణంగా ఉన్నాయి. ఒక కంటితో చూసినా సరే. వాటిని జల్లెడ తీసుకుంటుంది."

వింకో చేతులు ప్యాంటుకు తుడుచుకుని ముందుకొచ్చాడు.

"ఒకటే షరతు. అవి పెట్టెల మీదే ఉండాలి."

అందరూ పాక వైపు చూశారు. వింకో ఆశగా అడిగాడు, "గోడకు తగిలిస్తే?"

"వాడుకలో ఉండాలండీ."

"వంటింటి అలమరా తలుపులకు బిగిస్తే? రోజూ వాడేవే."

"నా వంటింటికి బూడిద పూస్తే నేనూ ఇల్లు తప్పుతాను" అంది ష్టెఫ్కా. "ఏ చెర్రీ చెట్టెక్కుతానో చెప్పలేను."

ఆ మాట తర్వాత ఆమె ఇంకేమీ అనలేదు. నీ ఇష్టం అన్నట్టు స్క్రూడ్రైవరు అతని చేతిలోనే వదిలేసింది. అది వింకోకు అసలైన కష్టం. ఆమె తిడితే ఎదురు చెప్పవచ్చు, ఊరుకుంటే ఏం చేయాలి? ఏళ్ళ తరబడి కావాలనుకున్నది గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మను అంటోంది. అతను స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు.

"అయ్యా, బాగున్నాయన్నారు. ఆ మాట చాలు, సంతోషం. కానీ కాపురం ఉండేది వాళ్ళు. వాళ్ళకు నచ్చలేదు."

జిగా గారు ఒక సీసా లిండెన్ తేనె, సగం ఉల్లిపాయ పట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం వింకో బూడిద పలకల్ని బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. వాటి మీదా అతనికి ప్రేమే, తను వేసినవే కదా. చివరికి వంటింటి వైపు దగ్గాడు.

"ష్టెఫ్కా, ఆ వాకిట్లో బొమ్మ పెట్టాలంటే ఎవరిని అడగాలే?"

"ఎవర్నీ అడగక్కర్లేదు. నీకు నువ్వే పెట్టుకో."

"ఊరికే? ఎవరూ చూడకుండానే?"

"పెట్టాక చూస్తారు."

పెట్టాడు. కుర్చీలో నిటారుగా కూర్చుని ఎదురుచూశాడు. మారిబోర్ ఆవిడ మా సెల్లారు తలుపుకు సరిగ్గా సరిపోతాయి అని రాసింది. పిరాన్ ఆయన గీత మాత్రం తిన్నగా ఉందన్నాడు. మూడోది ష్టెఫ్కాది. పొయ్యి దగ్గర నిలబడి గరిటె ఒక చేత్తో తిప్పుతూ రాసింది: "చాలా బాగున్నాయి. మా ఈగలకు మాత్రం చూపించకండి."

ఆ మాటకు హృదయాలు కురిశాయి. పది, ఇరవై, యాభై. వింకో పలకలకు వచ్చినవి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. అతను మూతి ముడిచాడు, మళ్ళీ చదివాడు, మూతి నిలవలేదు. వంటింటి తలుపు వైపు ఓసారి చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని, తనూ ఒక హృదయం నొక్కాడు.

వంటింట్లో ఫోను టింగుమంది.

"వేలు జారిందే!" అని కేకేశాడు వింకో.

"జారినా సరైన చోటే పడిందిలే. సూప్ చల్లారిపోతోంది, రా."